గిద్ద నుంచి తూము దాకా: కంప్యూటర్‌కి రెండంకెలే ఎందుకు?

తమ్ముడూ, నువ్వు అడిగినవి ముఖ్యంగా మూడు. మనకి పది అంకెలుండగా కంప్యూటర్‌కి రెండే ఎందుకు? "0 అంటే కరెంటు లేదు, 1 అంటే కరెంటు ఉంది" అని క్లాసులో చెప్పింది నిజమేనా? ఆ రెండంకెల్లోంచి లెక్కలూ, తెలుగు అక్షరాలూ ఎలా బయటికొస్తాయి? అమలాపురంలో డిప్లొమా మొదటేడు అన్నావు కాబట్టి ఆ మేరకే చెబుతాను. నేను చాలాకాలం డిజిటల్ ల్యాబ్ చూసుకుని, ఇప్పుడు పశ్చిమ గోదావరిలో ఉండి, ఆకివీడు ఊళ్ళ వైపు రొయ్యల చెరువులకి కంట్రోలర్ బోర్డులు కట్టుకుంటున్నవాణ్ణి. రెండో ప్రశ్న ముందు ఎత్తుకుంటాను. అది తేలితే మొదటిది సగం తేలిపోయినట్టే.

కరెంటు ఉంది, లేదు అన్న మాట తొలిరోజు చెప్పుకోడానికి బాగానే ఉంటుంది గానీ, బోర్డు ముందు కూర్చున్నాక అక్కరకి రాదు. చిప్పు చూసేది వోల్టేజిని. పాత 5 వోల్టుల టీటీఎల్ ఐసీలు (టీటీఎల్ అన్నది చిప్పుల్లో ఒక పాత రకం) తీసుకో, మీ ల్యాబులో ఇంకా అవే ఉండి ఉంటాయి. ఇన్‌పుట్ పిన్ను మీద 0.8 వోల్టు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే 0 కింద లెక్క. 2 వోల్టులు గానీ ఆపైన గానీ ఉంటే 1 కింద లెక్క. మరి ఆ రెంటికీ మధ్య, ఏ 1.3 దగ్గరో ఉంటే? అది ఎటూ కాదు. దాన్ని చిప్పు ఏమనుకుంటుందో తయారుచేసినవాడు కూడా హామీ ఇవ్వడు. పంపేవైపు నిబంధన ఇంకా గట్టిది: 0 పంపేటప్పుడు 0.4 దాటకూడదు, 1 పంపేటప్పుడు 2.4కి తగ్గకూడదు. అంటే రెండు పక్కలా 0.4 వోల్టు చొప్పున ఖాళీ వదిలారన్నమాట. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ప్రాణమంతా ఆ ఖాళీలోనే ఉంది.

చెరువు దగ్గర చూడు. నీటిమట్టం చూసే ఫ్లోట్ స్విచ్ చెరువులో ఉంటుంది, కంట్రోలర్ షెడ్డులో ఉంటుంది, మధ్యలో గట్టు వెంట పొడుగాటి వైరు. పక్కనే నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు. మోటారు స్టార్టయిన ప్రతిసారీ ఆ వైరులోకి ఎంతో కొంత చెత్త వోల్టేజి దూరుతుంది. 0.2 వోల్టుగా బయల్దేరిన 0 కాస్తా షెడ్డుకి వచ్చేసరికి 0.6 అయిందనుకో. అయినా అది 0.8 లోపే కదా, చిప్పు దాన్ని 0గానే చదువుతుంది. అంతటితో ఆగదు. తను ముందుకి పంపేటప్పుడు మళ్ళీ శుభ్రమైన 0గా పంపుతుంది. దారిలో కలిసిన చెత్త అక్కడితో సరి, తర్వాతి గేటు (చిప్పు లోపల 0, 1ల మీద ఒక చిన్న పని చేసే సర్క్యూటు) దాకా పోదు. ఇలా కోట్ల గేట్లు దాటినా 0 అన్నది 0గానే ఉంటుంది. క్యాసెట్లో పాటని ఇంకో క్యాసెట్లోకి, అక్కడినుంచి మరోదాన్లోకి ఎక్కిస్తూ పోతే నాలుగో కాపీకి బుస్సుమనే చప్పుడే మిగిలేది. అదే ఫోన్లో పాట ఎన్నిసార్లు కాపీ చేసినా మొదటిదానికీ చివరిదానికీ ఒక్క బిట్టు, అంటే ఒక్క 0 గానీ 1 గానీ, తేడా రాదు.

చెత్త 0.4 కంటే ఎక్కువైతే మాత్రం ఆ హామీ పోతుంది. అందుకే గట్టు మీద వైర్లకి నేను ఆప్టోకప్లర్ (వైరుకీ బోర్డుకీ మధ్య సిగ్నల్‌ని వెలుతురుగా దాటించే చిన్న భాగం) లేకుండా బోర్డు ఇవ్వను, రైతు ఖర్చు తగ్గించమని ఎంత బతిమాలినా సరే.

ఇంకో సంగతి. 0 అంటే "ఏమీ లేకపోవడం" కాదనడానికి ల్యాబులోనే రుజువుంది. సీమాస్ (ఇప్పటి చిప్పుల్లో ఎక్కువగా ఉండే రకం) ఐసీకి ఒక ఇన్‌పుట్ పిన్ను ఏ వైరూ కట్టకుండా గాల్లో వదిలెయ్, అవుట్‌పుట్‌కి ఎల్‌ఈడీ పెట్టు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే చాలు, ఎల్‌ఈడీ ఇష్టమొచ్చినట్టు వెలిగి ఆరుతుంది. కరెంటు లేకపోతే 0 అయ్యే పనైతే అది 0గా ఉండిపోవాలి కదా. అదే పని పాత టీటీఎల్ మీద చెయ్, వదిలేసిన పిన్నుని అది 1 కింద తీసుకుంటుంది! 0 కావాలంటే పిన్నుని పనిగట్టుకుని గ్రౌండ్‌కి లాగాలి. ఇక కరెంటు సంగతంటావా, సీమాస్ గేటు 0లో నిలబడ్డా 1లో నిలబడ్డా దాదాపు ఏమీ తాగదు. తాగేదంతా 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారేటప్పుడే. ఫోన్లో గేమ్ ఆడితే వేడెక్కేది అందుకే.

ఇప్పుడు పది అంకెలెందుకు కాదు అన్నదానికి వద్దాం. కాదని ఎవరన్నారు? పదంకెల కంప్యూటర్ కట్టారు కూడా. 1946లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లోకానికి చూపించిన ఎనియాక్ పదుల లెక్కలోనే నడిచింది. కాకపోతే అందులో ఒక్కో అంకెకి పదేసి ఫ్లిప్‌ఫ్లాపులు (ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో గుర్తుపెట్టుకునే సర్క్యూట్లు) వరసగా పెట్టి, ఏది ఆన్‌లో ఉంటే ఆ అంకె అనుకున్నారు. పదంకెల సంఖ్య ఒకటి దాచడానికి వంద ఫ్లిప్‌ఫ్లాపులు. అదే సంఖ్యని బైనరీలో, అంటే రెండంకెల పద్ధతిలో, దాస్తే 34 చాలు. అసలే దాంట్లో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టాలు), తొలినాళ్ళలో దాదాపు రోజూ ఏదో ఒకటి కాలిపోయేది. తర్వాత కట్టినవాళ్ళు బైనరీ వైపు తిరిగారంటే ఆశ్చర్యమేముంది? 1958లో మాస్కో విశ్వవిద్యాలయంలో రెండుకు బదులు మూడు అంకెలతో నడిచే యంత్రం కూడా ఒకటి వచ్చింది, సేతున్ అని. బాగానే పనిచేసింది, కానీ దాని వెనక ఎవరూ పోలేదు.

5 వోల్టుల్ని పది ముక్కలు చేస్తే ముక్కకి అర వోల్టు. అందులోనే మధ్యలో ఖాళీలూ వదలాలి. మోటారు ఒక్కసారి తిరిగితే 6 కాస్తా 7 అయి కూర్చుంటుంది. రెండే ముక్కలైతే ఖాళీ పెద్దది, పొరపాటుకి చోటు తక్కువ. అసలు కారణం ఇంతే. ఇందులో ప్రకృతి రహస్యం ఏమీ లేదు, ఇంజనీర్ల బేరం. ఆ బేరాన్ని సడలించిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. నీ జేబులో పెన్‌డ్రైవ్ చూడు. చాలావాటిలో ఒక్కో మెమరీ గదిలో మూడేసి బిట్లు కుక్కుతారు, అంటే రెండు మట్టాలకు బదులు ఎనిమిది మట్టాలు. నాలుగు బిట్లయితే పదహారు. చవగ్గా ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ మట్టాల మధ్య ఖాళీ సన్నబడేసరికి చదవడం, రాయడం నెమ్మదిస్తాయి, గది త్వరగా అరుగుతుంది, తప్పులు దిద్దడానికి విడిగా లెక్కలు కట్టాలి.

ఇక లెక్క దగ్గరికి. దీనికి మీ నాయనమ్మ సాయం కావాలి. కిలోలు రాకముందు మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లో ధాన్యం, బియ్యం, పాలు కొలిచింది దేనితో? రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. కొలత పాత్ర సైజులో ఊరికీ ఊరికీ తేడా ఉండొచ్చు గానీ, వరస మాత్రం ఇదే. ప్రతి మెట్టుకీ రెట్టింపు. గిద్దల్లో చెబితే 1, 2, 4, 8, 16, 32, 64, 128, తూముకి 256. కంప్యూటర్ వాళ్ళు బైటు అంటారే, ఎనిమిది బిట్లది, దాని స్థానాల విలువలు ఇందులో గిద్ద నుంచి ఇరస దాకా ఉన్న ఎనిమిదే. (తూము దాటాక పుట్టికి ఇరవై తూములు. అక్కడ మన బైనరీ అయిపోతుంది.)

ఇప్పుడు ఒక్కో కొలతదీ ఒక్కో పాత్రే ఉంది, దేన్నైనా ఒక్కసారి మించి కొలవకూడదు అనుకో. 175 గిద్దలు కొలవాలి. 175 ఎందుకంటే ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు పాయల మీదా కలిపి ఉన్న గేట్లు అన్ని. పెద్దదాంతో మొదలెట్టు. ఇరస పడుతుందా? 128 పడుతుంది, 47 మిగిలింది: 1. కుంచం 64, పట్టదు: 0. అడ్డ 32 పడుతుంది, 15 మిగిలింది: 1. మానిక 16 పట్టదు: 0. తవ్వ 8, సోల 4, అరసోల 2, గిద్ద 1 నాలుగూ పడతాయి: 1111. వరసగా రాస్తే 10101111. అయిపోయింది, అదే 175కి బైనరీ. పరీక్షలో రెండుతో భాగించుకుంటూ శేషాల్ని కిందనుంచి పైకి రాయమంటారు కదా, 175, 87, 43, 21, 10, 5, 2, 1 అలా పోతే శేషాలు 1, 1, 1, 1, 0, 1, 0, 1 వస్తాయి. కిందనుంచి చదివితే అదే 10101111. నా మట్టుకి పెద్దదాంతో మొదలెట్టే పద్ధతే నయం, ఏం చేస్తున్నామో కనబడుతుంది.

అన్నట్టు, బ్యారేజీ గేటు తెరిస్తే 1, మూస్తే 0 అని బైనరీకి ఉదాహరణ చెప్పేవాళ్ళుంటారు. వినకు. వరద చూసుకుని గేటుని ఎంత కావాలంటే అంతే ఎత్తుతారు, అది పక్కా అనలాగ్ వ్యవహారం.

కూడికకి గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగే: 0, 0 కలిస్తే 0. 0, 1 కలిస్తే 1. 1, 0 కలిస్తే 1. 1, 1 కలిస్తే ఇక్కడ 0 రాసి పక్క స్థానానికి 1 పంపాలి. రెండు గిద్దలైతే గిద్ద ఖాళీచేసి అరసోల ఒకటి వేసినట్టు. మనం చిన్నప్పుడు పది పదుల పట్టిక బట్టీపట్టిన కూడికంతా యంత్రానికి ఈ నాలుగు వరసలే. ఆ నాలుగు వరసల్లో మొత్తం అంకె ఎక్స్‌క్లూజివ్ ఆర్ గేటు (రెంటిలో ఒక్కటే 1 అయితే 1) ఇస్తుంది, పక్కకి పోయేది ఆండ్ గేటు (రెండూ 1 అయితేనే 1) ఇస్తుంది. రెండు గేట్లు పెడితే ఒక బిట్టు కూడిక వచ్చేసింది! ఔను, కాదు అనే తర్కాన్ని బీజగణితంలా రాయొచ్చని జార్జ్ బూల్ 1854 నాటికే చూపించాడు. దాన్ని స్విచ్చులతో, రిలేలతో చెయ్యొచ్చని 1937లో అమెరికాలోని ఎంఐటీలో మాస్టర్స్ చదువుతున్న కుర్రాడు క్లాడ్ షానన్ తన సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. మీ సిలబస్‌లో సగం ఆ ఒక్క వ్యాసం పుణ్యమే.

మనవాళ్ళ ఊసు కూడా చెప్పేస్తాను, లేకపోతే ఎవరో ఒకరు వాట్సాప్ ఫార్వర్డు తెచ్చి పెడతారు. పింగళుడు ఛందస్సులో గురు లఘువుల వరసలన్నీ క్రమంగా రాసే పద్ధతి, వరస సంఖ్య చెబితే సగానికి సగం చేసుకుంటూ ఆ వరస గురు లఘువులు కనిపెట్టే పద్ధతి ఇచ్చాడు. అది నికార్సైన రెండంకెల గణితం. నువ్వు తెలుగు క్లాసులో నేర్చుకున్న మూడక్షరాల గణాలు సరిగ్గా ఎనిమిదే ఉండటం కూడా అందుకే, రెండు గుణించు రెండు గుణించు రెండు. అంతవరకు గర్వపడదాం. ఆయన కంప్యూటర్ కనిపెట్టాడంటే మాత్రం పద్యం రాసినవాడికీ పవర్ సప్లై కట్టినవాడికీ తేడా తెలియనట్టే.

మళ్ళీ కూడికకి. 175కి 100 కలుపు. 100 అంటే 01100100. కలిపితే 100010011, అంటే 275. కానీ తొమ్మిది బిట్లయింది చూశావా? ఎనిమిది బిట్ల రిజిస్టరులో (చిప్పు సంఖ్యని దాచుకునే గదిలో) తొమ్మిదోదానికి చోటులేదు, ఆ తూమెడూ ఒలికిపోతుంది, 00010011 మిగులుతుంది. అంటే 19. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు. చిప్పు ఒలికిందని ఒక జెండా ఎత్తుతుంది, దాన్ని చూసుకోవడం ప్రోగ్రామ్ రాసేవాడి పని. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ 32 బిట్లలో దాచుకునే పాత సిస్టమ్‌లకి 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే ఇదే జరుగుతుంది. 214,74,83,647 తర్వాతి సెకనుకి అందులో చోటు లేదు.

175కి రాసిన ఇదే 10101111ని ప్లస్, మైనస్ గుర్తున్న సంఖ్యగా, అంటే ఋణ సంఖ్యలు కూడా ఉన్న పద్ధతిలో చదివితే -81 అవుతుంది. 175లోంచి 256 తీసెయ్, అంతే. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ఒక చుక్క అనుకుంటే ఒక మాదిరి లేత బూడిద రంగు. బిట్లు మారలేదు, చదివే ఒప్పందం మారింది. "కంప్యూటర్‌కి 0, 1 మాత్రమే అర్థమవుతాయి" అన్న వాక్యం నాకు ఎప్పుడూ రుచించదు. దానికి అవి కూడా అర్థం కావు. అది వోల్టేజీల్ని అటూ ఇటూ నెడుతుంది. 175 అనీ, -81 అనీ, బూడిద రంగనీ పేరు పెట్టేది మనం రాసిన ప్రోగ్రాములు.

భిన్నాల దగ్గర జాగ్రత్త. చుక్కకి కుడివైపు స్థానాలు అర, పావు, అరపావు అలా సగమవుతూ పోతాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరికి మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. మూడూ ముప్పావులే. బైనరీలో 1011.11, 1101.11, 10001.11. పిసరు తేడా లేకుండా ఇమిడిపోతాయి. అదే 11.7 అడుగులని పెట్టి ఉంటే ఎన్ని బిట్లు వేసినా ఇమడదు. 0.1 కూడా అంతే. కుంచంలో పదోవంతు కొలవమంటే ఏం చేస్తావ్? సోల పోసి, అరసోల పోస్తావు, ఇంకా కాస్త తక్కువ. ఇంకో గిద్ద పోస్తే ఎక్కువైపోతుంది. గిద్దని ఎంత చీల్చినా ఈ తంతు తెగదు. బైనరీలో 0.000110011001100... అని 0011 తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట నరికెయ్యాలి. అందుకే చాలా భాషల్లో 0.1, 0.2 కలిపి 0.3తో పోల్చమంటే సమానం కాదంటుంది.

నవ్వుకునే విషయం కాదిది. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా వాళ్ళ పేట్రియట్ క్షిపణి వ్యవస్థ, వచ్చే క్షిపణిని ఆపలేకపోయింది. 28 మంది సైనికులు చచ్చిపోయారు. ఆ వ్యవస్థ టైముని సెకనులో పదోవంతుల్లో లెక్కపెట్టేది, ఆ పదోవంతుని 24 బిట్ల దగ్గర నరికారు. ఆపకుండా వంద గంటలు నడిచేసరికి ఆ నరికిన తునకలన్నీ కలిసి సెకనులో మూడోవంతు తేడా అయింది. డబ్బు లెక్కలు రాసేటప్పుడు రూపాయల్లో దశాంశం పెట్టకుండా మొత్తం పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలుగా దాచమనేది అందుకే.

తెలుగు అక్షరాలకి ఉన్నదీ ఒప్పందమే, ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య అని. దాని పేరు యూనికోడ్. అందులో 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు తెలుగుకి కేటాయించారు. అ 3077, గ 3095. 3095ని పదహారు బిట్లలో రాస్తే 0000 1100 0001 0111. మొదటి తొమ్మిదీ చూస్తే చాలు, తెలుగు అని తెలిసిపోతుంది. గుణింతం గుర్తులకి విడిగా సంఖ్యలుంటాయి. కాబట్టి "గోదావరి" మన కంటికి నాలుగక్షరాలైనా కంప్యూటర్‌కి ఏడు: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. ఇంటర్నెట్‌లో ఎక్కువ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికీ మూడు బైట్లు పడతాయి, మొత్తం 21. గ అయితే 11100000 10110000 10010111. ఇందులో మొదటి బైటు ముందున్న 1110 "ఇది మూడు బైట్ల అక్షరం" అని చెబుతుంది, తర్వాతి రెంటి ముందున్న 10 "మేం దాని కొనసాగింపు" అని చెబుతాయి. అవి తీసేసి మిగిలిన బిట్లు వరసగా పేర్చు, మళ్ళీ 3095 వస్తుంది. చేసి చూసుకో.

ఎస్ఎంఎస్‌లో ఇది జేబుకి తగులుతుంది. ఒక మెసేజీకి 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషులో అక్షరానికి 7 బిట్లు కాబట్టి 160 పడతాయి. తెలుగు పెడితే ఒక్కోదానికి 16 బిట్లు, 70 మాత్రమే. ఆ 70లో గుడీ, కొమ్మూ, ఒత్తూ కూడా లెక్కకొస్తాయి. రైతులకి మా బోర్డు పంపే "ఆక్సిజన్ తగ్గింది, ఏరియేటర్ వెయ్యండి" లాంటి మెసేజీలు నేను కుదించి కుదించి రాసేది ఇందుకే. 71 అయితే రెండు మెసేజీల డబ్బు.

పెన్‌డ్రైవ్ 64 జీబీ అని కొంటే కంప్యూటర్ 59.6 చూపిస్తోంది, మోసమా అని కూడా చివర్లో రాశావు. మోసం కాదు. అమ్మేవాడు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అనుకుంటాడు. విండోస్ 1024ని మూడుసార్లు గుణించి వచ్చిన 107,37,41,824 బైట్లని ఒక జీబీ అంటుంది. భాగించి చూడు.

ఇదంతా చదివి వదిలెయ్యకుండా వచ్చే ల్యాబులో 7486 (ఎక్స్‌క్లూజివ్ ఆర్ గేట్ల ఐసీ) ఒకటి, 7408 (ఆండ్ గేట్ల ఐసీ) ఒకటి అడిగి తీసుకుని బ్రెడ్‌బోర్డు మీద హాఫ్ యాడర్, అంటే పైన చెప్పిన ఒక బిట్టు కూడిక, కట్టు. రెంటికీ 14వ పిన్ను 5 వోల్టులకి, 7వ పిన్ను గ్రౌండ్‌కి. ఒక స్విచ్చుని రెండు ఐసీల 1వ పిన్నులకీ, రెండో స్విచ్చుని రెండు ఐసీల 2వ పిన్నులకీ ఇవ్వు, 3వ పిన్ను దగ్గర జవాబు చూడు. 7486ది మొత్తం, 7408ది పక్కకి పోయేది. స్విచ్ తెరిచినప్పుడు పిన్ను గాల్లో మిగలకుండా అటూ ఇటూ మారే స్విచ్చు పెట్టి, ఒక కొస 5 వోల్టులకీ రెండో కొస గ్రౌండ్‌కీ ఉండేలా చూసుకో, లేకపోతే 0 ఇచ్చానని నువ్వనుకుంటావు, అది 1 చదువుతుంది. వచ్చాక, పక్క స్థానం నుంచి వచ్చే 1ని కూడా కలిపే ఫుల్ యాడర్‌లో ఎక్కడైనా ఆగితే సర్క్యూట్ ఫొటో తీసి ఇక్కడే పెట్టు, చూస్తాను.